సెలైన్ అని చెప్పాం

రాజమండ్రిలో ఆ డాక్టరమ్మ గదిలో ఆ రోజు ఉన్న మనుషులు ముగ్గురు: డాక్టరమ్మ, మా అక్క, నేను. వస్తువులు: ఒక బల్ల, బీపీ మిషను, బరువు చూసే కాటా, అక్క తన పాత చీటీలన్నీ కుక్కి తెచ్చుకున్న ప్లాస్టిక్ కవరు. కవరు పక్కన డాక్టరమ్మ సొరుగులోంచి తీసి పెట్టినవి రెండు. ఒకటి చిన్న సెలైన్ సీసా. రెండోది బొటనవేలంత తెల్లటి ప్లాస్టిక్ స్ప్రే, మందు లేనిది, వచ్చినవాళ్లకు చూపించడానికి ఉంచుకున్నది. బావగారు అక్కడ లేరు. రావద్దని అక్కే చెప్పింది. తోటల్లో కొబ్బరికాయలు దింపే రోజులు కాబట్టి ఆయన కూడా ఎందుకని అడగలేదు.

అక్క రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. ఎనిమిదో తరగతి పిల్లలంటే ఆమెకు ఇష్టం. ఆ వయసు దాటితే ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడతారు అనేది. డిసెంబరు నుంచి సెలవులో ఉంది. అంతకుముందు రెండేళ్లుగా, ఇంట్లో నీరసానికని చెప్పి, డిప్రెషన్‌కి మాత్రలు వాడుతోంది. ఒక రకం పనిచేయలేదని ఇంకో రకం, దానికి తోడు మరొకటి. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనైపోయి, దువ్వెన చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయేది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, పొద్దున్న మెలకువ రాకపోతే బాగుండును అనిపిస్తోంది" అంది. పాలు పోసేవాడు ఇంకా రాలేదని చెప్పినంత మామూలుగా అంది. మర్నాడే సెలవు పెట్టి కాకినాడ నుంచి వచ్చి, ఆమెను అదివరకు మాత్రలు రాసిన డాక్టరమ్మ దగ్గరికే తీసుకువెళ్లాను. అక్కకు కావలసింది ఒక్కటే. జూన్‌లో బడి తెరిచే నాటికి మళ్లీ క్లాసులో నిలబడాలి.

"మందు పేరు కెటమిన్ అండి" అన్నారు డాక్టరమ్మ. "ఆపరేషన్లప్పుడు మత్తుకి వాడతారు. తక్కువ మోతాదులో ఇస్తే, మాత్రలకి లొంగని డిప్రెషన్ కొంతమందికి తొందరగా తేలికపడుతుంది. అందరికీ అని మాత్రం చెప్పను. సెలైన్‌లో కలిపి నరంలోకి ఇవ్వొచ్చు, లేదా ముక్కులో కొట్టొచ్చు. స్ప్రేలో ఉండేది అందులో ఒక భాగం. ఆ అణువుకి కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాంటి రెండు రూపాలుంటాయి. స్ప్రేలో ఎడమదొక్కటే ఉంటుంది."

"సైన్సు టీచర్నండి. ఆ మాత్రం అర్థమవుతుంది" అంది అక్క. ఆ రోజు ఎవరూ అడగకుండా ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

నా ఉద్యోగం ఒక ఎరువుల ఫ్యాక్టరీలో. గొట్టాల్లో ఏది ఎంత వేగంతో పోతోందో చూపించే మీటర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం నా పని. అందుకని ఫోన్ తీసి రెండు నిలువు గడులు చేసుకుని, డాక్టరమ్మను ఒక్కొక్కటే అడుగుతూ నింపుకున్నాను. నరంలోకి ఇస్తే మందు మొత్తం రక్తంలోకి పోతుంది. ముక్కులో కొడితే కొంతే లోపలికి ఇంకుతుంది, మిగతాది గొంతులోకి జారి చేదుగా తగులుతుంది. సీసా అయితే బరువును బట్టి మోతాదు కట్టి, పంపు పెట్టి, నలభై నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కిస్తారు. తేడాగా ఉంటే మధ్యలో ఆపవచ్చు. కొట్టేసిన స్ప్రేని వెనక్కి తీసుకోలేం. కానీ స్ప్రేకి సూది లేదు, నరం వెతుక్కునే పని లేదు, కొట్టడం నిమిషాల మీద అయిపోతుంది. ఆ తర్వాత రెండు గంటలు అక్కడే, వాళ్ల కళ్ల ముందే కూర్చోవాలి. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే ఆ రోజుకి వాయిదా. స్ప్రే ఈ జబ్బు కోసమే తయారుచేసింది. సీసాలో మందుకు అనుమతి మత్తు కోసం ఉంది; దీనికి డాక్టర్లు తమ విచక్షణ మీద వాడతారు. రెంటిలోనూ కాసేపు బీపీ పెరగవచ్చు, తల తిరగవచ్చు, మనిషి తన ఒంటికి కొంచెం ఎడంగా జరిగినట్టు ఉండవచ్చు. రెంటిలోనూ మర్నాటి దాకా బండి నడపకూడదు. ఏదీ ఇంటికి ఇవ్వరు. ఖరీదు గడి దగ్గర స్ప్రే చాలా ఎక్కువ అని తెలిసింది. కష్టమే గానీ, అక్కా నేనూ కలిస్తే కుదరని పని కాదు.

"ఏది మంచిదండి?" అని అడిగాను.

"ఫలానాదే అని ఒట్టేసి చెప్పలేనండి. రెంటినీ పక్కపక్కన పెట్టి గట్టిగా తేల్చిందేమీ లేదు. మానకుండా రాగలిగింది ఏదో అది పెట్టుకోండి. మొదట వారానికి రెండు చొప్పున ఆరుసార్లు. బాగుంది కదా అని అక్కడ ఆపకూడదు. వారానికొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి, అలా ఎడం పెంచుకుంటూ రావాలి. మాత్రలు మామూలే."

అక్క స్ప్రేని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తిరిగి బల్ల మీద పెట్టి, "సీసాయే పెట్టండి" అంది.

నాకు సంతోషమే అయింది. పంపు, కొలత, చుక్కల వేగం, కావాలంటే ఆపే వీలు. నా గడుల్లో కూడా సీసాదే పైచేయి. అయితే ఆమె ఎంచుకున్న కారణం నా గడుల్లో లేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూ చెప్పింది.

"సెలైన్ ఎక్కించుకున్నానంటే మనవైపు ఎందుకని ఎవరూ అడగరు రా. నీరసం అంటే చాలు. ముక్కులో మందు కొట్టించుకుని రెండు గంటలు కూర్చుని వచ్చేనంటే, ఏం జబ్బు, ఎందుకొచ్చింది, ఇంట్లో ఏవైనా గొడవలా, ఇవన్నీ వస్తాయి. స్కూల్లో తెలిస్తే ఇంకేవైనా ఉందా? ఏ తల్లి పిల్లని నా క్లాసులో కూర్చోబెడుతుంది?"

ఆమె అన్నది నిజం. మావైపు సెలైన్ ఎక్కించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. ఇంట్లో పెళ్లి చేసి అలిసిపోయినా, జ్వరం వచ్చి తగ్గినా, కోతల పని అయిపోయినా, ఊరి ఆర్‌ఎంపీని పిలిచి ఒంట్లో బలానికి ఒక సీసా పెట్టించుకుంటారు. కిటికీ ఊచకు సీసా వేలాడితే పక్కింటివాళ్లు కొబ్బరి బొండాలు పట్టుకుని పలకరించడానికి వస్తారు. మాత్రలు మింగితే జబ్బు, సీసా పెడితే బలం అన్నట్టు ఉంటుంది లెక్క.

బస్సులో కూర్చుని ఇద్దరం మాట కలుపుకున్నాం. రక్తం తక్కువైంది, అందుకని పెద్దాసుపత్రిలో సెలైన్ పెడుతున్నారు. అంకె ఉంటే మాట నిలబడుతుందని, హిమోగ్లోబిన్ తొమ్మిది అని చెబుదామని నేనే అన్నాను.

మొదటి మూడుసార్లూ ఏమీ తెలియలేదు. మందు ఎక్కుతున్నంతసేపూ గోడలు దూరంగా జరిగాయని, ఫ్యాను చప్పుడు పడవ కింద నీళ్లలా వినిపించిందని చెప్పేది. తిరుగు ప్రయాణంలో కళ్లు మూసుకుని కూర్చునేది. నాలుగోసారి వస్తుంటే రావులపాలెంలో బస్సు ఆగింది. కిటికీ దగ్గరికి అరటిపళ్ల గెల ఎత్తుకుని ఒకావిడ వచ్చింది.

"ఎంతండీ డజను?" అంది అక్క. ఆవిడ చెప్పింది.

"రావులపాలెంలో కూర్చుని రావులపాలెం పళ్లకి ఆ రేటు చెప్తే ఎలాగండీ. మేమేవైనా హైదరాబాదు నుంచి వచ్చేమా?"

"ఆయ్, మొహం చూస్తే అలాగే ఉందమ్మా, ఏసీలో ఉన్నట్టు తెల్లగా."

"ఎండ తగలక తెల్లబడ్డాను లెండి. రెండు డజన్లు ఇచ్చి సరిగ్గా చెప్పండి."

బస్సు కదిలేదాకా బేరమాడింది. నేను కిటికీ వైపు చూడకుండా ఎదుటి సీటు వెనక రాసి ఉన్నది చదువుతూ కూర్చున్నాను. చూస్తే ఆపేస్తుందేమోనని భయం.

ఆరో సీసా అయ్యేసరికి ఆమె తల దువ్వుకుంటోంది, వంటింట్లోకి వెళుతోంది, ఆదివారం ఆరాధనకు వెళ్లి వెనక వరసలో కూర్చుంటోంది. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం తీసి పాఠాలకు గుర్తులు పెట్టుకుంటోంది. ఇంట్లోవాళ్ల సంతోషం చూస్తే నాకే కళ్లు చెమర్చాయి. బావగారి అమ్మగారిని అక్కతో పాటు నేనూ అత్తయ్యగారు అనే పిలుస్తాను. ఆవిడ వీధి వీధంతా చెప్పారు.

"తొమ్మిదికి పడిపోయిందమ్మా రక్తం. ఆ సెలైన్లు ఒంటికి పట్టేయి మా అమ్మాయికి. నేను రోజూ బీట్‌రూట్ రసం కూడా ఇచ్చేను మరి."

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఎవరికి పేరొస్తే ఏమిటి, తగ్గింది కదా అనుకున్నాం.

ఏప్రిల్ ఆఖరున మా ఫ్యాక్టరీలో ఏటా చేసే షట్‌డౌన్ మొదలైంది. ప్లాంటు మొత్తం ఆపి ప్రతి మీటరూ విప్పి చూసే రోజులు. ఎవరికీ సెలవు ఇవ్వరు. ఇక వారానికొకసారి రాజమండ్రి తీసుకువెళ్లే పని బావగారిదని అనుకున్నాం. సెలైన్ పెట్టించుకుని రావాలి, మానకూడదు అని ఆయనకు చెప్పాను. "ఆయ్, అలాగేనోయ్ ఇంజనీరూ, నువ్వు మీటర్లు చూసుకో, మీ అక్కని నేను చూసుకుంటాను" అన్నారు. వారం తర్వాత ఫోన్ చేస్తే, "సెలైన్ పెట్టేరు, బానే ఉంది" అన్నారు. ఆ తర్వాత వారం కూడా అదే మాట. అక్క ఫోన్ తీసేది కాదు. అలిసిపోయి పడుకుందని అనేవారు.

షట్‌డౌన్ ముగిసి నేను వెళ్లేసరికి మే ఆఖరు. వరండాలో మడతమంచం మీద అక్క పడుకుని ఉంది. కిటికీ ఊచకు పెద్ద సీసా కట్టి ఉంది, చుక్కలు పడుతున్నాయి. మంచం పక్కన కుర్చీలో ఆ ఊరి ఆర్‌ఎంపీ గారు టీ తాగుతున్నారు. అత్తయ్యగారు విసనకర్రతో విసురుతున్నారు. పంపు లేదు, బీపీ మిషను లేదు.

"రా బాబూ" అన్నారు అత్తయ్యగారు. "అంతదూరం వెళ్లి రావడం ఎందుకని, మన డాక్టరు గారినే రమ్మన్నాను. పాపం ఎండలో పడి వస్తున్నారు. ఇది ఐదో సీసా."

"రాజమండ్రిలో ఏం పెట్టేరో కాగితం ఉంటే చూపించమన్నానండి" అన్నారు ఆర్‌ఎంపీ గారు నాతో, టీ గ్లాసు కింద పెట్టి. "ఏమీ లేదండీ, ఉత్తి సెలైనే అన్నారు. మరి ఉత్తి సెలైనైతే మన దగ్గరా అదే ఉప్పునీళ్లు కదండీ. రాజమండ్రివని తియ్యగా ఉండవు కదా."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. నా వైపు చూసి తల అడ్డంగా, చాలా కొంచెం ఊపింది. చెప్పకు అని. సూది గుచ్చిన చెయ్యి ముంజేతి దాకా కమిలిపోయి ఉంది. జుట్టు చిక్కులు కట్టి ఉంది.

సీసా అయిపోయి ఆయన వెళ్లాక, అత్తయ్యగారు బొండం కొట్టించడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు అడిగాను. "నీకు తెలుసు కదక్కా అందులో మందు లేదని. ఎందుకు ఊరుకున్నావు?"

"ఏమని చెప్పను? నేను నిద్ర లేచేసరికే ఆవిడ వెళ్లి ఆయన్ని బతిమాలి తీసుకొచ్చేరు. సీసా మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేరు. అప్పుడు లేచి, ఇది కాదండి, నాకున్నది ఆ జబ్బు కాదండి అంటే, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పేవా అని అడగరా?"

"అడిగితే అడగనీ."

"నీకేం రా, కాకినాడలో ఉంటావు." కమిలిన చేతిని చీర కొంగుతో కప్పుకుని మళ్లీ అంది. "మొదటిసారి పెట్టినప్పుడు తేలిగ్గా అనిపించింది, నిజంగానే. నీళ్లే అని తెలిసి కూడా. రెండోసారీ అనిపించింది. తర్వాత లేదు. ఇంక పొద్దున్నే లేవడం మళ్లీ కష్టమైపోయింది."

ఆ మాటతో నాకు ఫిబ్రవరిలో వచ్చిన ఫోన్ గుర్తొచ్చింది. ఇక ఆగలేదు. ఆమె వద్దంటున్నా వినకుండా బావగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పెరటి అవతల కాయల రాశి దగ్గర నిలబడి, ఒలిచిన కాయలు లారీకి ఎక్కిస్తున్న కూలీలను చూస్తున్నారు. పక్కకు పిలిచి అన్నీ చెప్పాను. డిప్రెషన్ అని, కెటమిన్ అని, రక్తం తొమ్మిది అన్నది మేము కల్పించిన అంకె అని.

ఆయన కోపగించుకుంటారని సిద్ధపడి ఉన్నాను. రాశిలోంచి ఒలిచిన కాయ ఒకటి తీసి లారీ మీది కూలీకి అందించారు.

"ముందే చెప్తే నేనే తీసుకెళ్దును కదోయ్" అన్నారు. "ముక్కులో అయితే ముక్కులో, నరంలో అయితే నరంలో. నాకెందుకు?" తర్వాత, "నేను తీసుకెళ్దాం అంటే మా అమ్మ ఎందుకు అంది. సెలైనే కదా అని నేనూ ఊరుకున్నాను. కెటమిన్ అని ఉంటే ఊరుకుందునా?" అన్నారు. నన్ను అనలేదు. అంటే బాగుండేది.

అత్తయ్యగారికి ఆయనే చెప్పారు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "పిల్లకి ఐదు సీసాలు ఉప్పునీళ్లు పోయించేను కదా బాబూ. నేనడ్డుపడతానని అనుకున్నారా మీరిద్దరూ?" అన్నారు. ఆవిడ అడ్డుపడతారో లేదో మేము ఎప్పుడూ అడిగి చూడలేదు. వీధి గురించి, స్కూలు గురించి, పిల్లల తల్లుల గురించి ఆలోచించాం. అక్క రోజూ ఎవరి పక్కన కూర్చుని కూర తరుగుతుందో ఆవిడ గురించి మాత్రం, తెలియనివ్వకూడదు అనే తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

మర్నాడు నలుగురం బావగారి కారులో రాజమండ్రి వెళ్లాం. డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. మళ్లీ మొదటినుంచి సీసాలు మొదలుపెట్టారు. కమిలిన చేతిలో నరం దొరకడానికి నర్సు రెండు మూడు చోట్ల గుచ్చవలసి వచ్చింది. ఈసారి మందు మొదటిసారి పట్టినట్టు పట్టలేదు. నాలుగో సీసా అయ్యాక రావులపాలెంలో బావగారు కారు ఆపి, అరటిపళ్లు కొనమన్నారు. అక్క కొన్నది. చెప్పిన రేటు ఇచ్చేసింది.

"మధ్యలో మానినందుకే ఇలా అయిందాండి?" అని డాక్టరమ్మను అడిగాను.

"చెప్పలేనండి. మానకపోయినా కొందరికి ఇలా అవుతుంది. మానడం మాత్రం మంచిది కాలేదు."

ఆ జవాబును నేను ఏ గడిలోనూ వేయలేకపోయాను. మానకపోయి ఉంటే జూన్ నాటికి ఆమె క్లాసులో నిలబడేదా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. ఒక మీటరు తప్పు చూపిస్తే విప్పి సరిచేసి, పక్కన సరైన మీటరు పెట్టి పోల్చి చూస్తాం. ఇక్కడ పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో అక్క లేదు, ఇంకో మే నెల లేదు.

బడి తెరిచారు. అక్క సెలవు పొడిగించుకుంది. నరం దొరకడం కష్టమైపోయి, జూలై నుంచి స్ప్రేకి మారింది.

ఇప్పుడు ప్రతి బుధవారం బావగారు కారు తీస్తారు. అత్తయ్యగారు వెంట వెళతారు. స్ప్రే కొట్టుకున్నాక ఆ రెండు గంటలూ, అక్క ఎవరికీ కనబడకూడదనుకున్న ఆ రెండు గంటలూ, పక్క కుర్చీలో ఆవిడే కూర్చుంటారు. జలుబు చేస్తే మందు పట్టదని తెలిసిన దగ్గరనుంచీ ఇంట్లో ఎవరినీ ఐసు ముట్టుకోనివ్వడం లేదు. సాయంత్రం అక్క తలస్నానం చేస్తానంటే ఒప్పుకోవడం లేదు. మొన్న నేను వెళ్లినప్పుడు ఒకసారి తుమ్మాను.

"నువ్వు వరండాలో పడుకో బాబూ" అన్నారు. "ఎల్లుండి బుధవారం."

"నన్ను కూడా వరండాలో పడుకోబెట్టిందోయ్ మా అమ్మ పోయిన వారం" అన్నారు బావగారు. "కారు డ్రైవరుననైనా చూడలేదు."

అక్క నవ్వింది. పూర్తి నవ్వు కాదు. కొన్ని రోజులు తల దువ్వుకుంటుంది, కొన్ని రోజులు దువ్వుకోదు. అత్తయ్యగారు ఆ రోజుల్లో దువ్వెన తీసుకుని వెనక కూర్చుంటారు. ఇంటికి వచ్చినవాళ్లు అడిగితే డిప్రెషన్ అనే చెబుతున్నారు. ఒకరిద్దరు రావడం తగ్గించారు. మిగతావాళ్లు బొండాలు తెస్తూనే ఉన్నారు. ఇదంతా ఇలాగే మార్చిలోనే ఉండవచ్చు కదా అని నేను అనుకోని వారం లేదు. అక్కతో ఆ మాట అనను. ఆమె కూడా అనుకుంటూనే ఉంటుంది.

పోయిన బుధవారం రాజమండ్రి నుంచి తిరిగి వస్తూ, కారులో ఉన్నట్టుండి అడిగిందట, ఈ ఏడాది ఎనిమిదో తరగతిలో ఎంతమంది చేరారో కనుక్కోమని. తను ఎప్పుడు వెళుతుందన్న మాట ఎత్తలేదట. బావగారు మర్నాడు స్కూలుకి ఫోన్ చేసి కనుక్కున్నారు.

ముప్పై ఎనిమిది మంది.